నాపరాళ్ల గనిలో చేతిమాట

పోయిన నెల మా వసారాలో పాత గచ్చు పెళ్లగించి నాపరాళ్లు పరిపించాను. బండలు దించగానే మేస్త్రి ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తితో తట్టి, చెవి ఒగ్గి, ఖంగుమన్నదాన్ని ఇటూ, మొద్దుగా పలికినదాన్ని అటూ పెట్టడం మొదలుపెట్టాడు. నేను ఊరుకోలేకపోయాను. ఊరుకునే గుణమే ఉంటే మా ఆవిడ ఇన్నేళ్లుగా గొంతు చించుకోవాల్సిన పని ఉండేది కాదు. వంగి, ఒక బండ మీద ఎడమ అరచెయ్యి పరిచి, కుడిచేతి మెటికతో పక్కన తట్టి, కళ్లు మూసుకున్నాను. మేస్త్రి సుత్తి ఆపి నావైపు చూశాడు.

“ఇది యాడ నేర్చుకుంటిరి సార్?”

“బేతంచెర్ల తట్టు ఒక గనిలో. ముప్పై ఏళ్ల కిందటి మాటలే, నీకు తెలియదు.”

“తెలీకేం సార్, మాది ఆ పక్కనే. మా నాయన ఆ గనిలోనే చేసినాడు. మీకు ఇది నేర్పిన ఆయప్ప పోయి మూడేండ్లాయ.”

ఎవరని నేనడగలేదు, ఎవరని అతనూ చెప్పలేదు. బండను చెవితో కాక అరచేత్తో వినే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉండేవాడు. కబురు విని నాకు ఏడుపు రాలేదు. కాసేపు కుర్చీలో కూర్చుని, ఉన్నట్టుండి నవ్వాను. ఆయన్ను తలుచుకుంటే నాకు వచ్చేది ఎప్పుడూ నవ్వే.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊరు పిలిచే పేరు ఒకటుండేది. అది మనిషికి పెట్టిన పేరు కాదు, పలకని నోటికీ వినని చెవికీ పెట్టిన పేరు. అది రాయడానికి నా చెయ్యి రాదు. ఇంట్లో పెట్టిన పేరు ఆయన పుట్టినప్పటి నుంచీ ఒక్కసారీ వినలేదు, కాబట్టి దాన్ని తనదనుకోలేదు. తనకు తాను పెట్టుకున్న పేరు ఎడమ అరచెయ్యి చాపి దాని మీద మెటికతో రెండుసార్లు తట్టడం. అది కాగితం మీదికి దిగదు.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో నన్ను ఆ ఊరి బడికి అయివారుగా వేశారు. కర్నూల్లో సర్కారు కచేరీలకు చోటు చాలక సగం గుడారాల్లో నడుస్తున్న రోజులవి. ఎక్కడ చూసినా కట్టడాలు, అందుకని గనిలో బండలకు ఎన్నడూ లేని గిరాకీ. ముప్పై నలభై మంది పనిచేసేవాళ్లు. వడ్డెరవాళ్లు, దూదేకులవాళ్లు, పల్లెలో ఉండే కిరస్తానీ వాళ్లు, నలుగురైదుగురు బోయలు. గని లోతు మూడు నిలువులు. సమ్మెట దెబ్బల మోతలో కింది మాట పైకి రాదు, పై కేక కిందికి పోదు. ఆయన గనిలోకి రాకముందు ఈలలతో, బూతులతో పని జరిగేదట. ఆయన వచ్చిన రెండు మూడేళ్లకు గని మొత్తం చేతులతో మాట్లాడటం మొదలుపెట్టింది. జాలితో ఎవరూ నేర్చుకోలేదు. అది లేకపోతే ఆ గోతిలో పని సాగదు.

నీళ్లు కావాలన్నా, బండ జారుతోందన్నా, రెడ్డి వస్తున్నాడన్నా అన్నిటికీ చేతిమాటలుండేవి. మనుషులందరికీ చేతిపేర్లుండేవి. వాటికి కులం తోక లేదు. వడ్డె మేస్త్రిది చుట్ట నలిపి నోట్లో పెట్టుకోవడం. నీళ్లు పోసే కిరస్తానీ అవ్వది నడుం మీద చెయ్యి పెట్టుకుని మూతి తిప్పడం. గని యజమాని రెడ్డి తన పేరు మీసం దువ్వడమని చాలా ఏళ్లు నమ్మాడు, లోపల్లోపల మురిసిపోయాడు కూడా. అసలు పేరు జారిపోయే పంచెను బొడ్డు దగ్గర ఎగదోసుకోవడం. ఎవరో నోరు జారి చెప్పేశాక రెడ్డి రెండు రోజులు గని వైపు రాలేదు. మూడో రోజు వచ్చాడు. వస్తూనే, అందరూ చూస్తుండగా పంచె ఎగదోసుకున్నాడు. ఆ నవ్వుకు గని మూడు నిలువులూ మోగింది. చేతిమాట నేర్పిన ఆయన నవ్వు అన్నిటికంటే పెద్దది. తన నవ్వు ఎంత గట్టిగా ఉంటుందో పాపం ఆయనకు తెలియదు.

చూశారా, “పాపం” అనేశాను. ఆయన ఉండి ఉంటే నాకు దండన పడేది. ఆయన పెదవులు చదివి పట్టే మాటలు పదో పన్నెండో ఉండేవి, వాటిలో మొదటిది అదే. గనికి కొత్తగా వచ్చిన ప్రతివాడూ ఆయన్ను చూసి ఒకసారి ఆ మాట అంటాడు. అనగానే ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, వాడిని తల నుంచి కాళ్ల దాకా తీరిగ్గా చూసి, ఏదో ఒక లోపం వెతికి పట్టుకునేవాడు. బట్టతల కావచ్చు, బొజ్జ కావచ్చు, వంకర పన్ను కావచ్చు. దాన్ని వేలితో చూపించి, కనుబొమలు కిందికి వాల్చి, బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని, ఇంట్లో పీనుగ లేచినంత విచారంగా తల ఊపేవాడు. కర్నూలు నుంచి బండలు చూడ్డానికి వచ్చిన ఒక ఇంజనీరుకు ముక్కు మీద పులిపిరి ఉండేది. ఆయన ఆ పులిపిరికి సంతాపం తెలిపిన తీరు చూసి వడ్డె మేస్త్రి నవ్వాపుకోలేక రాళ్ల కుప్ప చాటుకు పరుగెత్తాడు. నాకు సంతాపం దక్కింది నా కళ్లద్దాలకు. అవి ముక్కు మీంచి జారడం, నేను ఎగదోస్తూ ముక్కు ఎగబీల్చడం, అదే నా చేతిపేరు అయింది. మా నాయన జాతకం చూపించి పెట్టిన పేరుకంటే అదే నాకు బాగా అతికింది.

ఇక ఆ గనిలో అన్నిటికంటే బరువైన చేతిమాట గురించి చెప్పాలి. బండను పరీక్షించడం ఆయన పని. అరచెయ్యి పరిచి, మెటికతో తట్టి, లోపల పగులుందో లేదో అదురును బట్టి చెప్పేవాడు. బండ మంచిదైతే రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, కుడిది పైన, గట్టిగా అదిమి, అట్లాగే గుండెకు ఆనించుకునేవాడు. ‘ఒప్పుకున్నా, దీనికి నేను పూచీ’ అని. అలా గుండెకు ఆనించుకున్న బండ దారిలో పగిలితే తప్పు ఆయనది. మెల్లమెల్లగా గని అంతా ఆ మాట ఎత్తుకుంది. తగాదా తీరినా, సంబంధం కుదిరినా, సెలవు ఖాయమైనా చేతులు అదిమి గుండెకు ఆనించాల్సిందే. నోటితో అన్న మాట మార్చుకోవచ్చు. ఇది మార్చుకోవడానికి లేదు. ఈ కట్టుబాటు ఆ గోతి వాళ్లది, పైన ఊళ్లో దాన్ని ఎరిగినవాళ్లు లేరు.

నాకు ఎవరూ చెప్పలేదు. ఊరికి వెళ్లిన మొదటి వారంలో ఒక సాయంత్రం గని చూడ్డానికి పోయాను. ఆయన నా దగ్గరికి వచ్చి నన్ను చూపించాడు, పలక మీద రాస్తున్నట్టు చేశాడు, గనిలో ఉన్న అందరినీ చుట్టి చూపించాడు, పొద్దు వాలే వైపు చెయ్యి చాపాడు. చివర్న రెండు చేతులూ గుండెకు ఆనించి నా వైపు చూశాడు. అదేదో పెద్ద నమస్కారం కాబోలనుకున్నాను. మర్యాద తెలిసినవాణ్ని కదా, నేనూ చేతులు అదిమి నిండుగా గుండెకు ఆనించుకున్నాను. గనిలో అందరి మొహాలూ వెలిగిపోయాయి. నా పలకరింపు ఇంత బాగా కుదిరిందా అని ఉబ్బిపోతూ ఇంటికొచ్చాను.

మర్నాడు సాయంత్రం బడి వదిలి చొక్కా విప్పబోతుంటే బయట ముప్పై మంది. ఒళ్లంతా రాతిదుమ్ము, చేతుల్లో పలకల్లాగా చెక్కిన నాపరాతి ముక్కలు.

“ఏందప్పా ఇది?” అన్నాను.

“సదువు చెప్తానని ఒప్పుకుంటివి గదా అయివారూ, నిన్న,” అంది నీళ్ల అవ్వ. “గుండెకు పెట్టుకుంటివి. మేమందరం సూసినాం.”

“నేను నమస్కారం అనుకున్నా.”

“అదేమో మాకు తెల్దు. పెట్టుకుంటివా ల్యా?”

నాకు ఒళ్లు మండింది. నా సాయంకాలాలు నావి, నవలలు చదువుకోవాలి, ఇంటికి ఉత్తరాలు రాసుకోవాలి. తలనొప్పి అని చెప్పి తలుపేసుకున్నాను. అందరూ వెళ్లారు, ఆయన ఒక్కడే వెళ్లలేదు. నా గడప ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు. కోపంగా లేడు, బతిమాలనూ లేదు. పగులు లేని బండ పగలదన్న నమ్మకంతో ఉన్నవాడిలాగా హాయిగా కూర్చున్నాడు. అరగంటకు నేనే తలుపు తీశాను. అప్పటి నుంచి ఆ ఊళ్లో ఉన్న ఆరేళ్లూ రోజూ సాయంత్రం దీపం పెట్టే దాకా చదువు చెప్పాను. నా జీవితంలో ఉపయోగపడిన పని ఏదైనా చేశానంటే అదే, అదీ తెలియక ఒప్పుకున్నది.

ఆయనకు ఒక అన్న ఉండేవాడు. పక్క ఊళ్లో దూది ఏకే అంగడి. చొక్కా మీద, కనుబొమల మీద ఎప్పుడూ దూదిపోగులుండేవి. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ని ఎత్తుకుని పెంచిన మనిషి. వారానికొకసారి తిండి మూట కట్టుకుని వచ్చేవాడు. అంత మంచివాడు, అయినా ఆ అన్నను చూస్తే నాకు చిరాకేసేది, ఎందుకంటే తమ్ముణ్ని ఎవరేమడిగినా జవాబు ఆయనే చెప్పేవాడు. నేను చేతులతో ‘తిన్నావా’ అని అడిగితే, “తిన్యాడు సార్, మావోడు జొన్నరొట్టె రెండు తిన్యాడు,” అనేవాడు అన్న. మంగలి దగ్గర జుట్టు ఎంత కత్తిరించాలో, అంగట్లో గుడ్డ ఏ రంగుదో, నొప్పి ఏ పంటికో అన్నీ ఆయనే. ఒకసారి పన్ను తప్పు చెప్పాడు, మంగలి పట్టకారు తీసుకున్నాక తమ్ముడు గుడ్లురిమి ఆపాల్సి వచ్చింది. అన్న గని అంచు దాకా వచ్చేవాడు గాని కిందికి ఎన్నడూ దిగలేదు. తమ్ముడు అక్కడ ఎంత మాటకారో ఆయనకు తెలియదు.

ఆ మాటకారితనానికి జోడు దొరికింది. ప్రొద్దుటూరు తట్టు నుంచి వచ్చి తట్టలతో రాతిపొట్టు మోసే దూదేకుల పడుచు, చిన్నప్పుడే మొగుడు పోయిన మనిషి. నోరు పెద్దది. రెండు నెలల్లో చేతులు కూడా అంత పెద్దవయ్యాయి. ఆయన గని ఈ గట్టున, ఆమె ఆ గట్టున నిలబడి చేతులతో పోట్లాడుకునేవాళ్లు. చేతిమాటలో గుసగుస ఉండదు, గనిలో ఎవరు తలెత్తినా అంతా తెలిసిపోతుంది. అందుకని వాళ్లిద్దరూ ఎదురుబొదురు నిలబడగానే అందరం తలలు వంచుకుని పనిలో పడేవాళ్లం. చూపు తిప్పుకోవడమే అక్కడ మర్యాద. నేను ఒకసారి మర్యాద తప్పి చూశాను. ఆమె ‘నీ మీసం బాగలేదు’ అంటోంది. మర్నాడు ఆయనకు మీసం లేదు.

ముగ్గురు పిల్లలు పుట్టారు వాళ్లకు. నేను బదిలీ అయి వెళ్లాక ఒకసారి చూడ్డానికి పోతే, నడక కూడా సరిగా రాని చిన్నది ఆకలేసి ఏడవడానికి బదులు బండల నేల మీద రెండు కాళ్లతో దబదబా తొక్కింది. అటు తిరిగి కూర్చున్న ఆయన ఆ అదురుకు వెంటనే వెనక్కి తిరిగాడు. ఏడిస్తే అమ్మ వస్తుంది, తొక్కితే నాయన వస్తాడని ఆ వయసుకే తెలుసు దానికి. ఆ ఇంట్లో నాకు పెట్టిన బొరుగుల ఉగ్గాని రుచి ఇంకా గుర్తుంది.

కాని ఇదంతా అసలు జరగకుండానే పోయేది. పెళ్లి రోజు చూసినవాళ్లకు తెలుసు ఆ సంగతి.

గని పక్కనే ఖాళీ జాగాలో పందిరి వేశారు. గని అంతా వచ్చింది, రెడ్డితో సహా. పెళ్లికూతుర్ని గుడిసెలో కూర్చోబెట్టి, ఆమె తరఫున మాట్లాడే వకీలూ ఇద్దరు సాక్షులూ లోపలికి పోయి ఆమె ఒప్పుదల తీసుకుని వచ్చారు. పక్క టౌను నుంచి వచ్చిన ఖాజీ ముసలాయన, సన్నగా, తెల్లగడ్డంతో, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. పెళ్లికొడుకు ముందు కూర్చుని, ఫలానా వారి కూతుర్ని, ఇంత మెహర్ సొమ్ముకు, నీ నికాలోకి ఒప్పుకుంటివా అని అడిగాడు.

“కబూల్,” అన్నాడు పక్కన కూర్చున్న అన్న, గట్టిగా.

‘ఒప్పుకున్నా’ అనే ఆ మాట కూడా పెళ్లికొడుకు పెదవులు చదివి పట్టే పదీ పన్నెండు మాటల్లో ఉందని నాకు అప్పుడే తెలిసింది. మొహానికి కట్టిన పూల సెహరా పక్కకు తోసి, అన్న నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు. అన్న ఆ చెయ్యి తీసేసి, “వాడట్లనే సాబ్, మీరు కానీండి. కబూల్,” అన్నాడు మళ్లీ. తమ్ముడు లేచి నిలబడ్డాడు. సెహరా తీసి అన్న ఒళ్లో పెట్టి, పందిరి దాటి పోయి, బండల దొంతి మీద కూర్చున్నాడు.

పందిరంతా గగ్గోలు. “పెండ్లి వద్దంటాండాడు!” అని ఎవరో అన్నారు. పెళ్లికూతురి మేనమామ లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “మా పిల్లను నలుగుర్లో ఇట్ల చేస్తిరే! పదండ్రా, బండి కట్టండి,” అన్నాడు. గుడిసెలోంచి ఆమె గొంతు వినిపించింది, “మామా, ఆగు, ఆగు మామా” అని. ఎవరు వింటారు?

“వానికి తెలీదు సాబ్,” అంటున్నాడు అన్న, దాదాపు ఏడుస్తూ. “నాయన పోయినప్పట్నించి వాని మాట నేనే చెప్తాండా. ఈ పొద్దు ఏం పుట్టిందో వానికి.”

నేనిక ఆగలేకపోయాను. అయివారిని కదా, నలుగురికీ వివరించే అలవాటు. ముందుకు పోయి, “ఖాజీ సాబ్, ఆయన మనసులో మాట ఏమంటే...” అని మొదలుపెట్టాను. పెళ్లికొడుకు దొంతి మీంచి దిగి వచ్చి, నా నోటికి కూడా అరచెయ్యి అడ్డం పెట్టాడు. రాతిదుమ్ము వాసన, మీద అత్తరు. నా కళ్లద్దాలు జారాయి. ఎగదోసుకోవడానికి కూడా భయమేసింది.

నన్ను వదిలి ఆయన ఖాజీ ఎదుట మోకాళ్ల మీద కూర్చున్నాడు. అన్నను చూపించి, నన్ను చూపించి, కాదన్నట్టు చెయ్యి ఊపాడు. తన గుండె చూపించుకున్నాడు. తన రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. అంతే.

ఖాజీ చాలాసేపు ఆ చేతులవైపే చూశాడు. తర్వాత మేనమామను కూర్చోమని చెయ్యి ఊపాడు.

“ఈయన పెండ్లి వద్దంటల్యా. తన మాట తానే చెప్తానంటాండాడు,” అన్నాడు. “మాటరాని మనిషి సైగ చెల్తాది, మా షరియత్‌లో ఉండాది. కానీ ఆ సైగ ఇదే అని సాక్షులకు తెలియాల. ఈ పొద్దు పుట్టించిన సైగ పనికిరాదు. ఈయన భాష తెలిసినోళ్లు ఈడ ఎవరుండారు?”

గని అంతా లేచి నిలబడింది. రెడ్డి కూడా.

ముసలాయన కళ్లు నవ్వాయి. “ఇంతమందా? సరే. అందరూ కండ్లు మూసుకోండి. ఒకర్నొకరు సూడగూడదు. నేనొక మాట అంటా, దాన్ని మీ గనిలో ఎట్ల చెప్తారో చెప్పండి.” అందరం కళ్లు మూసుకున్నామని చూసుకుని, నింపాదిగా అన్నాడు. “ఒప్పుకున్యా. ఇంక మాట తిప్పను.”

నేను కళ్లు మూసుకుని చేతులు అదిమాను. చుట్టూ అరచేతులు అరచేతుల మీద పడిన చప్పుడు ఒక్కసారిగా వినిపించింది. ఆ వెంటనే పెద్ద నవ్వు. ఆ నవ్వు ఎవరిదో చెప్పక్కర్లేదు. ఖాజీ అడిగిన మాట ఆయనకు వినపడలేదు కదా. ఆయన చూసింది ఇంతే. వడ్డె మేస్త్రీ, నీళ్ల అవ్వా, బోయ పిల్లలూ, తన దూదేకుల సాక్షులిద్దరూ, రెడ్డీ, నేనూ, నలభై మంది కళ్లు గట్టిగా మూసుకుని, ఒక్కసారే, చేతులు గుండెకు ఆనించుకుని ఏదో ఒప్పేసుకున్నాం. మేం దేనికి పూచీ పడ్డామని నవ్వాడో ఏమో, నవ్వీ నవ్వీ ఆయన కళ్ల వెంట నీళ్లు కారాయి. నేను కళ్లు తెరిచేసరికి ఖాజీ కూడా గడ్డం నిమురుకుంటూ నవ్వుతున్నాడు.

మా అందరి మధ్యా కదలని చేతులు ఒక్క జత ఉన్నాయి. అన్న సెహరా పట్టుకుని నిలబడి, ఒకసారి మా చేతులవైపూ ఒకసారి తమ్ముడివైపూ చూస్తున్నాడు. ఖాజీ అది చూశాడు. అన్న చేతిలోంచి సెహరా తీసుకుని పెళ్లికొడుకుకు తనే కట్టాడు.

ఈసారి ఖాజీ నోటితో అడగలేదు. పెళ్లికూతురి గుడిసె చూపించి, ఆయన గుండె చూపించి, కనుబొమలెత్తాడు. పెళ్లికొడుకు రెండు అరచేతులూ అదిమి గుండెకు ఆనించుకున్నాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి ఎంత గట్టిగా అదిమాడంటే గోళ్ల కింద రక్తం పోయి వేళ్లు తెల్లబడ్డాయి. ఖాజీ సాక్షులవైపు తిరిగాడు. “చెప్పినాడా?” “చెప్పినాడు సాబ్.” ఖాజీ దువా చదివాడు. ఖర్జూరాలు చల్లారు. మేనమామ భుజం మీది తువ్వాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. గుడిసెలోంచి పెళ్లికూతురు ఎవర్నో తిట్టడం వినిపించింది, మేనమామనే అయ్యుంటుంది. నాకు అంత సంతోషం నా పెళ్లిలో కూడా కలగలేదు. ఇది మా ఆవిడ చదవదని ధైర్యంగా రాస్తున్నాను.

అందరూ పలావు దగ్గరికి పోతుంటే అన్న నా చొక్కా పట్టుకుని పక్కకు లాగాడు.

“అయివారూ,” అన్నాడు మెల్లగా, “ఆ మాట ఎట్ల చెప్పాల్నో నాకు జర చూపించు.”

నోటి దాకా వచ్చిన వివరణ మింగేశాను. ఆ పూట నాకూ కొంచెం బుద్ధి వచ్చింది.

“నన్నడగొద్దప్పా. ఆయన్నే అడుగు.”

అన్న తమ్ముడి ఎదుటికి పోయి నిలబడ్డాడు. ఎట్లా అడగాలో కూడా ఆయనకు రాదు. ఉత్త అరచేతులు రెండూ ముందుకు చాపాడు. తమ్ముడు ఆ చేతులవైపు, దూదిపోగులు అంటిన ఆ కనుబొమలవైపు చూశాడు. తర్వాత అన్న కుడిచెయ్యి తీసి ఎడమదాని మీద పెట్టి, తన రెండు చేతులతో అదిమి, అన్న గుండెకు ఆనించాడు. వదిలేసి, ‘నువ్వు చెయ్యి’ అన్నాడు. అన్న ఎడమది పైన పెట్టాడు. తమ్ముడు ఒక్క చరుపు చరిచి సరిచేశాడు. రెండోసారి అన్న అదమడం మరిచాడు. పలావు చల్లారిపోతోందని ఆడవాళ్లు కేకలేస్తున్నారు. తమ్ముడికి ఎలాగూ వినపడదు. అన్న వినిపించుకోలేదు. మూడోసారి గాని ఆయనకు కుదరలేదు.